జ్ఞాపకం ఒక అమానత్

చదువుకునే వయసులో ఉన్న బిడ్డ హఠాత్తుగా కన్నుమూస్తే ఆ కుటుంబం ఏం చేస్తుంది? జనాజా నమాజు చదివి, ఖబరస్తాన్ దాకా మోసుకెళ్లి, మట్టి ఇచ్చి వస్తుంది. కొన్ని ఇళ్లలో నలభయ్యో రోజున దేగులు ఎక్కుతాయి. బంధువులు వస్తారు, దుఆ జరుగుతుంది, భోజనాలు ముగుస్తాయి. ఆ తర్వాత ఆ బిడ్డ పుస్తకాలు బీరువా పైకి చేరతాయి. కాలేజీ గుర్తింపు కార్డు తల్లి పెట్టెలో భద్రంగా ఉండిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పేరు ఆ ఇంటి గోడలు దాటి వినిపించడం మానేస్తుంది.

ఈ దుఃఖాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మేము అడగదలచింది ఒకే ప్రశ్న. ఆ బిడ్డ బతికి ఉండగా నలుగురి కోసం ఒక పని చేస్తూ ఉంటే, ఆ పని ఎవరి చేతికి వెళ్లింది? మనిషి పోయాడు సరే, పని కూడా పోవలసిందేనా? ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చిన రెండు కుటుంబాల గురించి ఈ నెల మా పాఠకులతో మాట్లాడదలచుకున్నాము. అవి మన దేశపు కుటుంబాలు కావు. అయినా వారి దుఃఖం మనకు తెలియనిది కాదు, వారు ఎంచుకున్న దారి మనకు అందనిదీ కాదు.

చాపెల్ హిల్‌లో ముగ్గురు

2015 ఫిబ్రవరి 10. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, చాపెల్ హిల్ పట్టణం. ఆ సాయంత్రం పొరుగున నివసించే ఒక వ్యక్తి తుపాకితో వచ్చి ఒక ఇంట్లో ముగ్గురిని కాల్చి చంపాడు. దియా బరకాత్, వయసు 23. అతని భార్య యుస్ర్ అబూ సల్హా, వయసు 21. ఆమె చెల్లెలు రజాన్, వయసు 19. దియా, యుస్ర్‌ల నికాహ్ జరిగి అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

దియా యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాలో దంతవైద్యం రెండో సంవత్సరం చదువుతున్నాడు. యుస్ర్‌కు అదే కళాశాలలో సీటు వచ్చింది, కొద్ది నెలల్లో చేరవలసి ఉంది. రజాన్ నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో భవన నిర్మాణ కళ, పర్యావరణ రూపకల్పన చదువుతోంది. దియా కుటుంబం మూలాలు సిరియాలో ఉన్నాయి, అక్కాచెల్లెళ్ల మూలాలు పాలస్తీనాలో. ముగ్గురూ ఆ దేశంలోనే పెరిగి, అక్కడి బడుల్లోనే చదివి, అక్కడి వీధుల్లోనే సేవ చేసినవారు.

చనిపోవడానికి కొద్ది రోజుల ముందు దియా తన మిత్రులతో కలిసి డరం పట్టణంలో ఇళ్లు లేని 75 మందికి పైగా నిరాశ్రయులకు భోజనం, పళ్లు తోముకునే సామగ్రి పంచిపెట్టాడు. తీసుకున్నవారి మతం ఎవరూ అడగలేదు. యుస్ర్ 2014 వేసవిలో తుర్కియేలోని కిలిస్‌కు వెళ్లి సిరియా శరణార్థుల మధ్య పనిచేసి వచ్చింది. మరుసటి వేసవికి మరో ప్రయాణం సిద్ధమవుతోంది. తుర్కియేలో తలదాచుకున్న సిరియా పిల్లలకు ఉచితంగా దంతవైద్యం చేయడానికి వైద్యుల బృందంతో వెళ్లాలని దియా సంకల్పించాడు. ఖర్చుల కోసం 20,000 డాలర్లు కావాలని లెక్కవేసి, చందాలకు విజ్ఞప్తి చేశాడు. ఆ మొత్తం పూర్తిగా సమకూరక ముందే అతని ప్రాణం పోయింది.

ఆ రోజుల్లో ఈ వార్త మన ఇళ్లలోకి కూడా వచ్చింది. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి పిల్లలను అమెరికా చదువులకు పంపిన తల్లిదండ్రులు ఎందరో మనలో ఉన్నారు. హిజాబ్ ధరించిన ఇద్దరు అమ్మాయిల నవ్వుముఖాలను టీవీలో చూసి తమ బిడ్డలకు ఫోన్ చేయని తల్లి అరుదు. మనలో చాలామందికి ఆ కథ అక్కడితో ముగిసింది. అసలు చెప్పుకోవలసింది ఆ తర్వాతే మొదలైంది.

హంతకుడికి తెలియని సంగతి

దియా కోరింది 20,000 డాలర్లు. అతని మరణవార్త తెలిసిన తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన చందాలు 5,00,000 డాలర్లు దాటాయి. అతడు వెళ్లవలసిన ప్రయాణం ఆగిపోలేదు. ఆ వేసవిలోనే వైద్య బృందం తుర్కియే వెళ్లింది. అతని చేతులు చేయవలసిన వైద్యాన్ని ఇతరుల చేతులు చేశాయి.

అతడు చదివిన దంతవైద్య కళాశాలలో ఏటా ఒక రోజును సేవకు కేటాయించారు. దానికి అతని పేరే పెట్టారు. ఆ రోజు విద్యార్థులు, అధ్యాపకులు తరగతులు పక్కనపెట్టి సమాజంలోకి వెళ్లి పనిచేస్తారు. ముగ్గురూ చదివిన నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో వారి స్మృతిచిహ్నంగా ఒక ఉపకార వేతనం ఏర్పడింది. రాలీ నగరంలో దియాకు ఉన్న ఇంటిని వారి కుటుంబం యువత చేపట్టే సేవాకార్యక్రమాలకు నెలవుగా మార్చి, దానికి దీపస్తంభమని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ బిడ్డలను రెండు కుటుంబాలూ 'మన ముగ్గురు విజేతలు' అని పిలుచుకున్నాయి. ఫౌండేషన్‌కూ ఉపకార వేతనానికీ అదే పేరు నిలిచింది. 'బాధితులు' అనే మాటను వారు ఒప్పుకోలేదు.

మా దృష్టిలో ఇది చాలా పెద్ద సంగతి. ద్వేషంతో చంపేవాడు మనిషి శరీరాన్ని మాత్రమే చంపాలని కోరుకోడు. ఆ మనిషి పేరు వింటే అతనివంటి వారికి భయం కలగాలని కోరుకుంటాడు. దియా పేరు వింటే భయపడాలి, యుస్ర్ పేరు వింటే హిజాబ్ తీసేయాలి, రజాన్ పేరు వింటే ఆడపిల్లలను గడప దాటనివ్వకూడదు. ఇదే ద్వేషం రాసుకునే లెక్క. ఆ లెక్కను ఆ కుటుంబాలు తలకిందులు చేశాయి. ఈ రోజు అక్కడి విద్యార్థికి ఆ పేర్లు వినిపించేది ఫీజు కట్టే సమయంలో, సేవకు బయలుదేరే ఉదయంలో.

అయితే ఇక్కడ ఒక విషయం మరచిపోకూడదు. స్మారక కార్యక్రమాల నీడలో ఆ కుటుంబాలు న్యాయాన్ని వదులుకోలేదు. పోలీసులు మొదట ఈ హత్యలను పార్కింగ్ స్థలం మీద తగాదాగా ప్రకటించారు. ముగ్గురు ముస్లిం విద్యార్థుల ప్రాణాలు కారు నిలిపే చోటు కోసం పోయాయన్న మాటను కుటుంబాలు తిరస్కరించాయి. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో అక్కాచెల్లెళ్ల తండ్రి అమెరికా కాంగ్రెస్ న్యాయ కమిటీ ఎదుట ద్వేషపూరిత నేరాల గురించి సాక్ష్యం చెప్పారు. అదే ఏడాది జూన్‌లో హంతకుడు నేరం ఒప్పుకున్నాడు. ఒకదాని తర్వాత ఒకటిగా అనుభవించవలసిన మూడు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఇది కేవలం పార్కింగ్ తగాదా కాదని, ఆ మాట నాలుగేళ్ల క్రితమే చెప్పి ఉండవలసిందని అప్పుడు చాపెల్ హిల్ పోలీసు అధిపతి అంగీకరించారు. ద్వేషపూరిత నేరమన్న అభియోగం మాత్రం నమోదు కాలేదు.

ఒక చేత్తో ఉపకార వేతనం ఇస్తూ, మరో చేత్తో న్యాయస్థానం తలుపు తడుతూనే ఉండవచ్చని ఆ కుటుంబాలు మనకు చూపాయి. సేవ చేసేవారు హక్కులు అడగరాదని, హక్కులు అడిగేవారికి సేవ చేతకాదని మన సమాజంలో ఒక భ్రమ ఉంది. ఆ భ్రమకు ఇది గట్టి జవాబు.

మార్కుల శాలువా

ఇప్పుడు మన వైపు చూద్దాం. పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకు మన పట్టణాల్లో ఫంక్షన్ హాళ్లు నిండుతాయి. అత్యధిక మార్కులు తెచ్చుకున్న పిల్లలను వేదిక మీదకు పిలుస్తారు. శాలువా, షీల్డు, కవరు, ఫొటో. ఇందులో తప్పేమీ లేదు. చదువులో వెనకబడ్డామన్న బాధ నుంచి పుట్టిన మంచి సంప్రదాయమే ఇది. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలు. ఆ అంకెలు చదివిన తరానికి మార్కులే ప్రాణవాయువుగా కనిపించడం సహజం.

కానీ మార్కులకు బహుమతి ఎలాగూ వస్తుంది. మంచి ర్యాంకు తెచ్చుకున్న బిడ్డకు కార్పొరేట్ కళాశాల ఫీజు తగ్గిస్తుంది, పత్రికలో ఫొటో వేయిస్తుంది. ఎవరి లెక్కలోకీ రాని పిల్లలు వేరే ఉన్నారు.

మన బస్తీలకు వెళ్లి చూడండి. ఇంట్లో ఉర్దూ తప్ప మరో భాష రాని స్త్రీలు ప్రభుత్వ ఆస్పత్రికి వెళితే డాక్టరు చెప్పింది అర్థం కాదు, తమ బాధ చెప్పుకోలేరు. వారి వెంట వెళ్లి తెలుగులో మాట్లాడి, మందుల చీటీ చదివి, వేసుకునే వేళలు రాసిచ్చే ఇంటర్ అమ్మాయి ప్రతి గల్లీలో ఒకరు ఉంటుంది. ఆధార్‌లో పేరు తప్పు, రేషన్ కార్డులో వయసు తప్పు, ఓటరు జాబితాలో ఇంటి నంబరు తప్పు. ఈ తప్పులన్నీ దిద్దించడానికి మీసేవ కేంద్రం చుట్టూ వీధిలోని వృద్ధులను తిప్పే డిగ్రీ కుర్రాడు ఒకడు ఉంటాడు. మగ్రిబ్ తర్వాత పదిమంది పిల్లలను కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేవారు, అర్ధరాత్రి రక్తం కావాలంటే స్నేహితులను నిద్రలేపేవారు, హాస్టల్‌లో తిండి బాగాలేదని అందరి సంతకాలతో వార్డెన్ దగ్గరకు వెళ్లేవారు ఉన్నారు. ఇలాంటి వారికి 90 శాతం మార్కులు రాకపోవచ్చు. చదువుకునే గంటల్లో కొన్నింటిని వారు మనకు ఇచ్చేశారు మరి.

సమాజం తీసుకున్న ఆ గంటలకు సమాజం ఏం తిరిగి ఇచ్చింది? అందుకే మా ప్రతిపాదన. మన ఇళ్లలో పోయినవారి పేరిట ఉపకార వేతనాలు రావాలి. అవి మార్కులను కాక సేవను, విద్యార్థి నాయకత్వాన్ని గుర్తించేవిగా ఉండాలి.

నాయకత్వమంటే భయం

నాయకత్వం అనే మాట వినగానే మన తల్లిదండ్రుల ముఖాలు మారతాయని మాకు తెలుసు. 'మా వాడు చదువు తప్ప మరో జోలికి పోడు' అని గర్వంగా చెప్పుకునే ఇళ్లు మనవి. ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టానికి నిరసనగా విద్యార్థులు గొంతెత్తినప్పుడు ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా గ్రంథాలయంలోకి పోలీసులు లాఠీలతో ప్రవేశించడాన్ని దేశమంతా చూసింది. ఆ తర్వాత కఠిన చట్టాల కింద ఏళ్లకు ఏళ్లు విచారణ ఖైదీలుగా గడిపిన ముస్లిం విద్యార్థుల పేర్లు మన ఇళ్లలో గుసగుసగా పలకబడతాయి. బిడ్డను కాపాడుకోవాలనుకునే తల్లిని పిరికిదని అనే అర్హత ఎవరికీ లేదు.

కానీ ఒక్క మాట ఆలోచించండి. పిల్లలందరూ తల వంచుకుని చదువుకుని, తల వంచుకుని ఉద్యోగాలకు వెళ్లిపోతే, రేపు మన వీధికి మంచినీళ్లు రాకపోతే అడిగేది ఎవరు? స్కాలర్‌షిప్ ఎందుకు ఆగిందని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసేది ఎవరు? ఖబరస్తాన్ గోడ కూలితే కలెక్టరేట్ మెట్లు ఎక్కేది ఎవరు? నాయకత్వమంటే మైకు పట్టుకోవడం మాత్రమే కాదు. ఒక పని అవసరమని గుర్తించడం, దాన్ని తాను మొదలుపెట్టడం, మరో ఇద్దరిని వెంట తీసుకువెళ్లడం. ఈ మూడూ చేయగలిగిన పిల్లలు సముదాయానికి కళ్లూ కాళ్లూ.

భయానికి మందు ఒంటరితనం పోగొట్టడమే. ఒక విద్యార్థినిని ఇరవై కుటుంబాలు కలిసి ఎంపిక చేసి, 'నీవు చేస్తున్న పని మాకు కనిపించింది, నీ చదువు బాధ్యత మాది కూడా' అని చెబితే, ఆ అమ్మాయి వెనుక ఒక గోడ నిలుస్తుంది. రేపు ఏదైనా కష్టం వస్తే ఆ ఇరవై కుటుంబాలు ముఖం చాటేయలేవు. నెలనెలా వచ్చే రూపాయలకంటే ఈ అండ విలువైనది. స్మారక ఉపకార వేతనాన్ని మేము జాలిగా కాక అమానత్‌గా చూసేది ఇందుకే. పోయిన మనిషి వదిలివెళ్లిన పనిని బతికి ఉన్న బిడ్డ చేతిలో పెడుతున్నాము. ఆ బిడ్డను కాపాడే పూచీ మనం తీసుకుంటున్నాము.

ఎలా నడపాలి?

మంచి ఉద్దేశంతో మొదలై రెండో ఏడాదికే ఆగిపోయే పథకాలు మనకు కొత్త కావు. కాబట్టి ఆచరణ సంగతులు విడమరచి చెప్పుకుందాం.

మొదటిది డబ్బు. ఇతరులు ఒక మొత్తాన్ని బ్యాంకులో వేసి దాని వడ్డీతో స్కాలర్‌షిప్ నడుపుతారు. వడ్డీ మనకు సమ్మతం కాదు. మరి శాశ్వత నిధి ఎలా? మన పెద్దలు ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పారు. మస్జిద్ ఖర్చుల కోసం పక్కనే మల్గీలు కట్టి అద్దెకు ఇచ్చారు. ఉన్న కుటుంబం ఒక మల్గీ అద్దెను బిడ్డ పేరిట విద్యకు అంకితం చేయవచ్చు. అంత లేనివారికి నెలవారీ చందా ఉంది. ఐదుగురు తోబుట్టువులు నెలకు వెయ్యి రూపాయల చొప్పున తీస్తే ఏడాదికి 60,000 అవుతుంది. ఇద్దరు విద్యార్థులకు నెలకు 2,500 ఇవ్వవచ్చు. ఒక్క రోజు విందు ఖర్చుతో పోల్చి చూసుకోండి. జకాత్ సొమ్ముకు ఎవరు అర్హులన్న షరతులున్నాయి కనుక, ఉలమాలను సంప్రదించి ఆ ఖాతాను వేరుగా ఉంచాలి. మామూలు దానాన్ని దానితో కలపరాదు.

రెండోది ఎంపిక. ముందు అవసరం చూడాలి, ఆ అవసరం ఉన్నవారిలో సేవను బట్టి ఎంచుకోవాలి. చదువులో ఉత్తీర్ణులైతే చాలు. సేవకు సర్టిఫికెట్లు అడగవద్దు. సర్టిఫికెట్లు అడిగిన రోజు నుంచి సేవ తగ్గి ఫొటోలు పెరుగుతాయి. చూపించుకోవడానికి చేసే పని మన ధర్మంలో నిలవదని అందరికీ తెలుసు. కమిటీ సభ్యులు ఆ వీధికి వెళ్లి, ఎవరికి సహాయం అందిందో వారినే అడగాలి. ట్యూషన్ చెప్పించుకున్న పిల్లాడి తల్లి చెప్పే నాలుగు మాటలకు మించిన సిఫారసు లేఖ ఉండదు.

మూడోది ఆడపిల్లలు. బయటకు వెళ్లి చేసినదే సేవ అంటే మన అమ్మాయిల్లో సగం మంది పోటీలోకే రాలేరు. మంచం పట్టిన నానమ్మకు సేవ చేస్తూ, ముగ్గురు తమ్ముళ్లను బడికి పంపుతూ డిగ్రీ చదివే అమ్మాయి నడుపుతున్నది ఒక సంస్థ. దరఖాస్తులో ఆ పనికి కూడా చోటు ఉండాలి. కమిటీలో కనీసం ఒక మహిళ ఉంటే తప్ప ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు.

నాలుగోది సేవ ఎవరికి అన్న ప్రశ్న. డరం వీధుల్లో దియా పంచిన భోజనం అందుకున్నవారు ఏ మతం వారో అతడు లెక్క రాసుకోలేదు. మన విద్యార్థి దళితవాడలో పాఠాలు చెప్పినా, వరదల్లో ఎవరి ఇంటి ముందు బురద ఎత్తినా అది మన సేవే. ముస్లింలకు చేసినదే లెక్కిస్తామంటే మన చుట్టూ మనమే గోడ కట్టుకున్నట్లు.

ఐదోది గౌరవం. కవరు చేతికిచ్చి ఫొటో దిగే వేదిక వద్దు. పేదరికాన్ని నలుగురి ముందు నిలబెట్టే హక్కు దాతకు లేదు. సొమ్ము నేరుగా ఖాతాలో పడాలి. అది కూడా ప్రవేశాలు జరిగే జూన్, జూలై నెలల్లో పడాలి. ఫీజు కట్టలేక సీటు పోయిన తర్వాత డిసెంబర్‌లో ఇచ్చే చెక్కు అలంకారానికే పనికివస్తుంది. దరఖాస్తు తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్క పేజీకి మించకూడదు.

ఆరోది లెక్క. ఎంత వచ్చింది, ఎవరెవరు దరఖాస్తు చేశారన్నది కాక ఎందరు చేశారు, ఎందరికి ఇచ్చారు అన్న వివరాలు ఏడాదికొకసారి మస్జిద్ నోటీసు బోర్డు మీద ఉండాలి. కమిటీ సభ్యుల పిల్లలు, మేనల్లుళ్లు దరఖాస్తు చేయరాదు. ఈ ఒక్క నియమం తప్పినందుకే ఎన్నో మంచి నిధులు పేరు పోగొట్టుకున్నాయి.

వేతనం అందుకున్నవారికి పెట్టవలసిన షరతు ఒక్కటే. మరుసటి ఏడాది కొత్త దరఖాస్తుదారుల్లో ఒకరికి దగ్గరుండి సహాయం చేయాలి. చదువు ముగిశాక కమిటీలో ఒక కుర్చీ వారిది. అలా పదేళ్లు గడిస్తే ఆ నిధిని నడిపేది దాతలు కారు, ఒకప్పుడు అందుకున్నవారే.

పేరు ఉంచి సొమ్ము తీసేసినవారు

ఇదంతా చదివి ఒక మాట అనేవారు ఉంటారు. 'మీ వాళ్ల చదువులు మీరే చూసుకుంటే మంచిదే కదా, ప్రభుత్వాన్ని అడగడం దేనికి?' దీనికి జవాబు చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేము.

స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినమైన నవంబర్ 11ను 2008 నుంచి జాతీయ విద్యా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆయన పేరిట మైనారిటీ పరిశోధక విద్యార్థుల కోసం 2009లో జాతీయ ఫెలోషిప్ మొదలైంది. అది కూడా ఒక స్మారక ఉపకార వేతనమే, ఒక దేశం తన మహనీయుడి పేరిట ఇచ్చిన మాట. 2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ ఫెలోషిప్‌ను ఆపివేస్తున్నట్లు పార్లమెంటులో ప్రకటించింది. ఇతర పథకాలతో కలిసిపోతోందన్నది చెప్పిన కారణం. అదే సంవత్సరం మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను తొమ్మిది, పది తరగతులకు కుదించి, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు తొలగించింది. మైనారిటీ బాలికలకు ఉపకార వేతనాలు నడిపిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఆదేశాలు వచ్చాయి. ఏటా నవంబర్‌లో ఆజాద్ చిత్రపటానికి పూలమాల మాత్రం పడుతూనే ఉంది.

మన రెండు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కథ ప్రతి ఇంటికీ తెలిసినదే. ప్రభుత్వం కట్టలేదని కళాశాల సర్టిఫికెట్ ఇవ్వదు, సర్టిఫికెట్ లేదని ఉద్యోగం రాదు. ఈ బకాయి ప్రభుత్వం మనకు పెట్టే భిక్ష కాదు, పన్ను కట్టే పౌరులుగా మన హక్కు. ఒక వీధి నిధి ఇద్దరిని చదివించగలదు, ఒక పట్టణం ఇరవై మందిని చదివించగలదు. లక్షల మంది పిల్లల చదువు మోయవలసింది ప్రభుత్వ ఖజానాయే. మన నిధి ఆ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. ఆ బాధ్యతను గుర్తుచేసే పిల్లలను తయారుచేసే సాధనం. చాపెల్ హిల్ కుటుంబాలు ఉపకార వేతనం ఏర్పడింది కదా అని న్యాయపోరాటం విరమించలేదు. మనమూ అంతే.

మన నేల మీద ఆనవాళ్లు

ఇది మనకు కొత్త విద్య కాదు. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు నేడు అదే నగరంలోని ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఉంది. ఆయన పేరును నిలబెట్టింది ముందుగా ఆ కళాశాల మెట్లు ఎక్కి దిగిన విద్యార్థులు, ఆ తర్వాతనే ప్రభుత్వ ఉత్తర్వు. చదువుతో ముడిపడిన పేరు చెరిగిపోదు. మరణం తర్వాత కూడా పుణ్యం ఆగనివ్వని కార్యాల్లో పదిమందికి ఉపయోగపడే విద్య ఒకటని మన పిల్లలు మక్తబ్‌లోనే నేర్చుకుంటారు. నేర్చుకున్న దాన్ని పెద్దలం ఆచరించడమే మిగిలింది.

మహనీయుల పేర్లే కావాలని లేదు. కరోనా రోజుల్లో అయినవారు కూడా దగ్గరకు రాని మృతదేహాలకు, మతం చూడకుండా, అంత్యక్రియలు జరిపిన యువకులు మన ఊళ్లలో ఉన్నారు. నలభై ఏళ్లు జీతం లేకుండా పిల్లలకు చదువు చెప్పిన ఆపాలు ఉన్నారు. బీడీలు చుడుతూ, సైకిల్ పంక్చర్లు వేస్తూ ఊరి పిల్లల ఫీజులు కట్టిన చాచాలు ఉన్నారు. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. ఒక ఉపకార వేతనం మీద ఉండవచ్చు. ఆ పేరు మీద చదువుకునే బిడ్డ ఒక్కసారైనా అడుగుతుంది, ఈ చాచా ఎవరని. అడిగినప్పుడు చెప్పడానికి ఒక కథ ఉంటుంది. ఆ కథ విన్న బిడ్డ మనసులో ఏం నాటుకుంటుందో మనం ఊహించుకోవచ్చు.

మా పాఠక కుటుంబాలకు మా విన్నపం ఇదే. ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరి పేరిటనైనా విందు పెట్టాలని అనుకుంటే, పెట్టే ముందు ఒక సాయంత్రం కుటుంబమంతా కూర్చోండి. పోయినవారు బతికి ఉండగా ఇష్టపడి చేసిన పని ఏదో గుర్తుచేసుకోండి. ఆ పనిని మీ వీధిలో ఇప్పుడు ఏ పిల్లవాడు, ఏ పిల్ల చేస్తున్నారో వెతకండి. తప్పకుండా దొరుకుతారు. వారి ఇంటికి వెళ్లి, వారి తల్లిదండ్రులతో మాట్లాడి, వచ్చే జూన్ ఫీజు గురించి అడగండి.

బీరువా మీద ఉన్న ఆ పుస్తకాలను కూడా దించండి. వాటి అవసరం ఉన్న బిడ్డ మీ గల్లీలోనే ఉంది.